ఉప్పల్‌లో దిగిన ఊళ్లు

కాగితాల్లో అది కొడంగల్ నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం దాకా పోయే 163వ నంబరు జాతీయ రహదారి. మా జనగామవాళ్లకు వరంగల్ రోడ్డు. కాజీపేట, స్టేషన్ ఘన్‌పూర్ దాటి, జనగామలో జనాన్ని నింపుకుని, ఆలేరు, భువనగిరి, బీబీనగర్ మీదుగా బస్సు హైదరాబాద్‌కు దూసుకొస్తుంది. ఘట్‌కేసర్ రాగానే సీట్ల కిందినుంచి బియ్యం సంచులు బయటికొస్తాయి.

నారపల్లి నుంచి బండి నత్తనడకే. ఇక్కడ ఎలివేటెడ్ కారిడార్‌కు 2018లో శంకుస్థాపన చేశారు. ఏళ్ల తరబడి పైన స్తంభాలు, కింద గుంతలు. ఆ దుమ్మంతా మింగింది బోడుప్పల్, పీర్జాదిగూడల్లో చౌకగా కిరాయిలు వెతుక్కున్న మాలాంటివాళ్లే. ఈ పనే హైటెక్ సిటీలో ఇన్నేళ్లు సాగదీస్తే ఊరుకునేవాళ్లా?

ఉప్పల్ రింగ్ రోడ్డులో సగం వరంగల్ జిల్లా దిగుతుంది. సద్దుల బతుకమ్మకు ముందు రోజు చూడాలి: "జనగామ, హన్మకొండ!" అని కండక్టర్ అరవకముందే కిటికీల్లోంచి సీట్ల మీదికి దస్తీలు పడతాయి. ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నవాళ్లు కూడా ఆ రోజు "ఊరికి పోతున్నం" అనే అంటారు.

హబ్సిగూడలో కుడికి తిరిగితే నాచారం. ఎన్టీఆర్ స్టూడియో ఉన్న చోటు. మన సినిమా కూడా మద్రాసు నుంచి వలస వచ్చిందే కదా! బోర్లు ఎండిపోయి మా నాన్న తరం ఇక్కడి పారిశ్రామికవాడకు వచ్చింది. ఇప్పుడా షెడ్లలో బిహార్, ఒడిశా పిల్లలు. పగటి షిఫ్టువాడు లేచిన చాప మీదే రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు. కిరాణా కొట్లో ఆవనూనె, సత్తుపిండి దొరుకుతున్నాయి. "వీళ్లొచ్చినంకనే కిరాయిలు పెరిగినయి" అని మావాళ్లే విసుక్కుంటారు. ఒకప్పుడు మా అమ్మ ఈ మాటే ఇంటి ఓనరు నోట విన్నది.

అంతర్రాష్ట్ర వలస కార్మికులకు ప్రయాణ ఖర్చు, స్థానభ్రంశ భత్యం ఇవ్వాలని 1979లోనే చట్టం వచ్చింది. అయినా లాక్‌డౌన్‌లో, 2020 మే 1న, వలస కూలీలతో లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు మొదటి శ్రామిక్ రైలు కదిలాక గానీ వాళ్లు మన మధ్యే ఉన్నారని చాలామందికి పట్టలేదు.

ఉప్పల్ దాటి, నగరానికి అవతల, ఈ రోడ్డు చేవెళ్ల, పరిగి మీదుగా కొడంగల్ పోతుంది. మాకెప్పుడూ అటు పని పడలేదు. అటువైపు నుంచి పాలమూరు కూలీలు ఇదే నగరానికి వస్తారు. ముందు దిగినవాడు వెనక దిగినవాణ్ని బయటివాడనడం ఈ రోడ్డుకు అలవాటే. బస్సు దిగి ఎన్నేళ్లయిందన్నదే మనకూ వాళ్లకూ తేడా.