ఆరు సీసాల లెక్క

వైద్యం గురించి రాసే అర్హత నాకు లేదు. బరంపురం ఖల్లికోట కాలేజీలో బి.కామ్. చదివి, ముప్ఫై ఏళ్ళకు పైగా బ్యాంకులో మొదట లెడ్జర్లతోనూ తర్వాత కంప్యూటర్లతోనూ కాపురం చేస్తున్నవాణ్ణి. అయినా 2025 ఉగాది సభలో నా కాళ్ళ నొప్పుల కథ విన్నవాళ్ళు ఇది పత్రికలో రాయాలని పట్టుబట్టారు. రాయడం న్యాయం కూడాను. ఎందుకంటే రెండేళ్ళ కిందట అదే సభలో, అదే నొప్పుల గురించి, నలుగురినీ కూర్చోబెట్టి తప్పుడు మాటలు చెప్పింది నేనే.

మా నాన్నగారు 1989లో యాభై నాలుగో ఏట గుండెపోటుతో పోయారు. ఆ ఉదయం బజారు నుంచి ఆయన తెచ్చిన వంకాయలు సాయంత్రం దాకా సంచిలోనే ఉన్నాయి. నాకు 2022లో యాభై నాలుగు నిండాయి. ఆ అక్టోబరులో రక్తపరీక్ష చేయిస్తే చెడ్డ కొలెస్ట్రాల్ 168 అని వచ్చింది. మా డాక్టరమ్మగారు నాన్నగారి సంగతి ఎరిగినావిడ. అటోర్వాస్టాటిన్ 20 మిల్లీగ్రాముల మాత్ర రాత్రిపూట ఒకటి చొప్పున రాసిచ్చారు.

మూడో వారానికల్లా పిక్కల్లో లాగుడు, తొడల్లో బరువు. బ్యాంకులో మేడమెట్లు ఎక్కాలంటే రెయిలింగు పట్టుకోవలసి వచ్చింది. జనవరిలో మాత్ర మానేశాను. పది రోజుల్లో నొప్పి పోయింది. ఇంతకంటే రుజువేం కావాలి? మార్చిలో ఉగాది పచ్చడి చేతిలో పట్టుకుని, కొలెస్ట్రాల్ మందులన్నీ కంపెనీల వ్యాపారమని, నా కాళ్ళే అందుకు సాక్ష్యమని ఉపన్యసించాను. విజయనగరంలో ఉండే మా బావగారికి ఫోన్లో కూడా అదే చెప్పాను. ఆయనకీ ఆ మందుతో ఒళ్ళునొప్పులు ఉండేవి. నా మాట విని మానేశారు. ఆయనకు 2018లో స్టెంటు వేశారన్న సంగతి నాకు తెలియనిది కాదు.

ఆ డిసెంబరులో ఈ ముక్క డాక్టరమ్మగారి దగ్గర నోరు జారాను. ఆవిడ ఒడియా ఆవిడైనా మాతో చక్కటి తెలుగే మాట్లాడతారు. కోపం వస్తే మాత్రం ఒడియాలోకి వెళ్ళిపోతారు. ఆ రోజు పావుగంట ఒడియాలోనే ఉన్నారు. అక్కడినుంచే బావగారికి ఫోను చేయించారు. బావగారు ఒకటే అన్నారు: "నువ్వే కదటోయ్ మానమన్నావు. ముందు నువ్వు మొదలుపెట్టు, తర్వాత నేను చూస్తాను."

నేను మొదలుపెట్టలేను, నొప్పి నిజం అన్నాను. "నొప్పి నిజమే. అది మాత్ర వల్లనేనని ఎవరు ఆడిట్ చేశారు?" అన్నారావిడ. బ్యాంకువాణ్ణి అనవలసిన మాట కాదది. గుచ్చుకుంది.

అప్పుడు చెప్పారు, ఒక్క రోగి మీదే జరిపే పరీక్ష గురించి. మామూలు మందుల పరీక్షల్లో వేలమందిని రెండు జట్లుగా చేసి ఒక జట్టుకు మందు, ఇంకో జట్టుకు ఉత్తుత్తి మాత్ర ఇస్తారు. ఇక్కడ రెండు జట్లూ ఒక్క మనిషే. కొన్నాళ్ళు మందు, కొన్నాళ్ళు ఉత్తుత్తి మాత్ర. ఏది ఎప్పుడన్నది చీటీ తీసి నిర్ణయిస్తారు; మింగేవాడికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన గార్డన్ గయాట్, డేవిడ్ సాకెట్ ప్రభృతులు 1986లో ఈ పద్ధతిని న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వివరించారు. ఉబ్బసంతో బాధపడే ఒక పెద్దాయనకు థియోఫిలిన్‌తో ఇలా చేసి చూస్తే, ఆయనకు ఉత్తుత్తి మాత్రల రోజుల్లోనే ఊపిరి తేలిగ్గా ఆడిందట! అంటే ఈ పరీక్ష ఎప్పుడూ మందు పక్షమే పలుకుతుందని లేదు. అది విన్నాకనే నేను ఒప్పుకున్నాను.

అన్ని జబ్బులకూ ఇది పనికిరాదు. దానంతటదే తగ్గే జ్వరానికి కుదరదు. బాధ రోజూ ఉండేది కావాలి. మందు ప్రభావం త్వరగా వచ్చి త్వరగా పోవాలి. ఈ మాత్ర గుండెపోటును ఆపుతుందా అన్నది కూడా నా ఒక్కడి మీద తేలదు, దానికి వేలమంది, ఏళ్ళకేళ్ళు కావాలి, ఆ పని ఎప్పుడో అయింది. నాలో తేలవలసింది నొప్పి ఒక్కటే.

కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే పదార్థాన్ని ముందు కొలిపించారు. మామూలుగానే ఉంది. రెండు వారాలు ఏ మాత్రా లేకుండా రోజూ నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేయమన్నారు. సగటు 1.2 వచ్చింది. ఆవిడకు తెలిసిన ఫార్మసిస్టు ఒకాయన ఒకే రంగు ఖాళీ గుళికల్లో కొన్నిటిలో అసలు మాత్ర పెట్టి చుట్టూ పాలచక్కెర పొడి, కొన్నిటిలో ఒట్టి పాలచక్కెర పొడి నింపాడు. నెలకొకటి చొప్పున ఆరు సీసాలు, మూడు అసలు, మూడు నకలు. సీసా మీద అంకె తప్ప మరేమీ లేదు. జవాబుల కాగితం కవరులో పెట్టి లక్క సీలు వేసి, ఆయన బీరువాలోనే ఉంచుకున్నాడు. మా స్ట్రాంగు రూము తాళాలు ఇద్దరు ఆఫీసర్ల దగ్గర ఉంటాయి కదా, ఆ ఏర్పాటు గుర్తొచ్చి నాకు కాస్త గురి కుదిరింది.

2024 జనవరి నుంచి జూన్ దాకా నడిచింది. రెండో సీసా నాలుగో రోజునే "అసలు మందు ఇదే, సందేహం లేదు" అని డైరీలో ఎర్ర సిరాతో రాశాను. ఒక రాత్రి గుళిక విప్పి నాలిక మీద వేసుకుని చూద్దామనుకుంటే మా ఆవిడ చేతిలోంచి లాక్కుంది. "లెక్కలు తారుమారు చేస్తారుటండీ, మీరు ఆఫీసరు కదా" అంది. మార్చి నెలాఖరు, బ్యాంకులో సంవత్సరాంతపు ముగింపు లెక్కల వారం. అప్పుడు మూడు రోజులు వరసగా ఏడు వేశాను. అన్నిటికంటే పెద్ద అంకె అదే.

జూలై మొదటి వారంలో కవరు విప్పారు. అసలు మందు సీసాలు ఒకటి, నాలుగు, ఆరు. సగటులు 3.6, 3.1, 3.9. నకిలీవి రెండు, మూడు, ఐదు. సగటులు 3.4, 3.8, 3.2. నేను ఎర్ర సిరాతో సంతకం పెట్టినంత పనిచేసిన రెండో సీసా ఒట్టి పాలచక్కెర. మార్చిలో నన్ను కుంటించిందీ అదే పొడి.

సిగ్గేసింది. "అంటే ఇదంతా నా భ్రమా?" అన్నాను. కాదన్నారావిడ. లండన్ ఇంపీరియల్ కాలేజీవారు 2020లో ప్రకటించిన పరిశోధన సంగతి చెప్పారు. దుష్ఫలితాల వల్ల ఈ జాతి మందులు మానేసిన అరవై మందికి పన్నెండేసి సీసాలిచ్చారు: నాలుగింట్లో మందు, నాలుగింట్లో ఉత్తుత్తి మాత్రలు, నాలుగు ఖాళీవి. వందకు వేసిన మార్కుల్లో ఖాళీ నెలల సగటు 8, ఉత్తుత్తి నెలల్లో 15.4, మందు నెలల్లో 16.3. బాధలో నూటికి తొంభై పాళ్ళు ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. దీన్ని నోసీబో అంటారట. కీడు శంకించి మింగితే ఒంట్లో కీడు నిజంగానే పుడుతుంది. నొప్పి అబద్ధం కాదు, దాన్ని నేను రాసుకున్న ఖాతాయే తప్పు. ఆ అరవై మందిలో సగంమంది తర్వాత మళ్ళీ మందు మొదలుపెట్టారు. నేనూ ఆ రాత్రే వేసుకున్నాను. నొప్పి ఇప్పటికీ అప్పుడప్పుడూ పలకరిస్తూనే ఉంటుంది, కాకపోతే దానికి మునుపటంత మర్యాద చెయ్యడం లేదు.

బావగారికి ఫోను చేసి అంతా చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "నీ నొప్పి మాత్రది కాకపోతే నాదీ కాదనేనా నీ లెక్క?" అన్నారు. జవాబు లేకపోయింది. ఆరు సీసాలూ చెప్పింది నా ఒంటి సంగతే. పోనీ ఆయనకూ అలాగే చేద్దామంటే, స్టెంటు ఉన్న మనిషిని మూడు నెలలు పాలచక్కెర మీద ఉంచడానికి డాక్టరమ్మగారు ససేమిరా అన్నారు.

ఆ ఆదివారం రైలెక్కి విజయనగరం వెళ్ళాను. మా అక్కకు అప్పటిదాకా బావగారు మందు మానేసిన సంగతే తెలియదు. ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయను. మర్నాడు ముగ్గురం కలిసి ఆయన గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన అదే జాతిలో వేరే మాత్ర, తక్కువ మోతాదులో ఇచ్చి, రోజూ మార్కులు రాయమన్నారు. అప్పటినుంచీ ప్రతి ఆదివారం రాత్రి బావగారి ఫోను వస్తుంది. "రాసుకోవోయ్. సోమవారం రెండు, మంగళవారం మూడు, బుధవారం పెళ్ళిభోజనం, లెక్కలోకి రాదు" అంటారు. నేను నా డైరీలోనే, ఎదురు పేజీలో, రాసుకుంటాను.