ఓడెక్కిన ఇళ్ళు

అక్టోబరు 9, కోరంగి

మడ అడవి చూడ్డానికొచ్చినవాళ్ళు చెక్క వంతెన మీద ఫొటోలు దిగుతున్నారు. ఓడలు కట్టిన రేవు ఇది. రంగూన్‌కీ మారిషస్‌కీ జనాన్ని ఎక్కించిన రేవు. 1839 నవంబరు తుపానులో సముద్రం ఊరి మీద పడింది. ఆ తర్వాత గోదావరి ఒండ్రు మిగతా పని పూర్తి చేసింది. రేవు పోయినా పేరు పోలేదు. బర్మాలోనూ మారిషస్‌లోనూ తెలుగువాళ్ళని చాలాకాలం కోరంగీలనే పిలిచారు.

అక్టోబరు 10

ఎందుకు వెళ్ళారంటే కరువు అంటారు. నిజమే, 1833 నాటి డొక్కల కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. కానీ ఆకలి ఒక్కటే మనిషిని ఓడెక్కించదు. అవతల ఎవరో పిలవాలి. మారిషస్‌లో 1835లో బానిసత్వం రద్దయింది, చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చారు. ఐదేళ్ళ ఒప్పందం, మగవాడికి నెలకు 5 రూపాయలు, పైన తిండీ బట్టా. ఊళ్ళోకొచ్చి ఆశపెట్టిన మేస్త్రీ సముద్రం ఎంత దూరమో చెప్పి ఉంటాడని నేననుకోను.

అక్టోబరు 14, రాత్రి

ఒంటరి మగవాళ్ళే ఎక్కువ. అయినా ఆలుబిడ్డలతో వెళ్ళినవాళ్ళ మీదికే నా మనసు పోతోంది.

తెరచాప ఓడ. పై బల్లల కింద చీకటి అరలో అందరికీ కలిపి ఒకటే పడక. మద్రాసు నుంచి నెలా నెలన్నర, గాలి పడిపోతే ఇంకెన్నాళ్ళో. బియ్యం, పప్పు, ఎండుచేప, చింతపండు, అన్నీ కొలిచి ఇచ్చేవే. తాగే నీళ్ళు కూడా కొలతే. గాలివానొస్తే పైకి వెళ్ళే మూతలు బిగించేస్తారు. పొయ్యి వెలగదు, అటుకులే గతి. వాంతులు, ఉక్క, పసిబిడ్డల ఏడుపు. కాన్పులు కూడా అక్కడే జరిగాయి. మనింట్లో బాలింతకు గాలి సోకకుండా తలకు గుడ్డ కడతాం, మిరియాల చారు పెడతాం. ఆ అరలో ఆమెకు వేడినీళ్ళు ఎవరు కాచారు?

అక్టోబరు 15

నిన్నటి ప్రశ్న వదలడం లేదు. నిద్ర లేదు.

నవంబరు 2, పోర్ట్ లూయీ

ఇక్కడ ఇవాళ సెలవు. 1834లో ఇదే రోజున 'అట్లాస్' ఓడ కలకత్తా నుంచి కూలీలతో వచ్చింది. ఆప్రవాసీ ఘాట్‌లో 16 రాతి మెట్లు. వలస కూలీల డిపో ఈ ఒడ్డున 1849లో పెట్టారు. పేర్లు రాసుకుని, తోటలకు పంపేదాకా ఇక్కడే ఉంచేవాళ్ళు. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

నవంబరు 4, మోకా

మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్. వలస రిజిస్టర్లు భద్రపరిచింది ఇక్కడే. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, ఊరు, ఒంటి మీది గుర్తులు. ఇంటిపేరుకు గడి లేదు. తాత పేరే ఇక్కడ ఇంటిపేరయింది. భర్త, భార్య, బిడ్డ వరుస నంబర్లలో ఉంటే ఒక ఇల్లు మొత్తం కదిలిందన్నమాట.

తర్వాతి రోజుల్లో చాలా వలసలకు ప్రతి 100 మంది మగవాళ్ళకు 40 మంది ఆడవాళ్ళు ఉండాలని నియమం పెట్టారు. ఆడది ఆ లెక్క సరిపెట్టే సంఖ్య అయింది. ఈ మాట రాస్తుంటేనే కోపమొస్తోంది. ఆమె వండింది, చెరకు నరికింది, పిల్లలకు తెలుగు నేర్పింది. ఉగాది ఈ దేశంలో ప్రభుత్వ సెలవు కావడంలో ఆమె పాలు ఎక్కువ.

నవంబరు 5

పూర్వీకుల ఊరు వెతుక్కునే కుటుంబాలు ఇక్కడ ఎన్నో. ఊరి పేరు దొరుకుతుంది, కానీ గుమాస్తా చెవికి తోచిన స్పెల్లింగులో. విశాఖ, గోదావరి జిల్లాల పల్లెలు ఎరిగినవాళ్ళు ఒక్కసారి పైకి చదివితే చాలా ఊళ్ళు గుర్తుపడతారు. కాకినాడ వెళ్ళగానే కరణాల కుటుంబాల పెద్దవాళ్ళను కలవాలి.