బొగ్గు నేల నుండి లేఖలు

చంద్రపురము

తమ్ముడా,

బల్హార్షా మీదుగా నిన్న సాయంకాలము ఇచ్చటికి చేరితిని. వార్ధానది ఆవలి గట్టున నున్న రాజురా 1956 వఱకును మన ఆదిలాబాదు జిల్లాలోనిదే యగుటచే కాబోలు, ఈ వీథులలో చెవిని బడు తెలుగు నాకు పరాయి పలుకుగా తోపలేదు.

ఈ ఉదయము దీక్షాభూమిని దర్శించితిని. 1956 అక్టోబరు 14న నాగపురమున బౌద్ధమును స్వీకరించిన అంబేద్కరు మహాశయుడు 16వ తేదీన ఇచ్చటికి వచ్చి వేలాది జనులకు దీక్ష యొసగెను. ఆ ఆవరణముననే నేడు ఆయన పేర కళాశాల నడచుచున్నది. ఆయన వైస్రాయి మండలిలో సభ్యుడుగా నున్న కాలముననే, 1944లో, దళిత విద్యార్థులకు మెట్రిక్యులేషను పిదపటి చదువునకు విద్యార్థి వేతనము లారంభమైనవి. రాజ్యము సామ్యవాదమను పేరు దాల్చుటకు మూడు దశాబ్దముల మునుపే జరిగిన ఈ పని, నా దృష్టిలో, తరువాతి ప్రకటన లన్నింటికన్న మిన్న.

ఏలయన, 1973లో బొగ్గుగనులు జాతీయమైనవి. 1976లో 42వ సవరణముచే రాజ్యాంగ పీఠికలో సామ్యవాద పదము చేరినది. కాని ఈ బొగ్గు జిల్లాకును గడచిరోలికిని కలిపి ఒక విశ్వవిద్యాలయము, గోండ్వానా పేర, 2011లో గాని ఏర్పడలేదు. అంతవఱకు ప్రాణహితా తీరమున తెలుగు మాటాడు సిరొంచ విద్యార్థికి సైతము పట్టా నిచ్చు ద్వారము సుదూర నాగపురముననే యుండెను. భూగర్భమును స్వాధీనము చేసికొనుటలో చూపిన త్వర, ఆ భూగర్భమున శ్రమించువాని బిడ్డను పైకి దెచ్చుటలో చూపలేదను బాధ నన్ను వీడకున్నది.

బల్లార్‌పూర్

తమ్ముడా,

కరీంనగరు ప్రాంతమునుండి వచ్చి గనిలో పనిచేసి విశ్రాంతి పొందిన పెద్దమనిషి యొకరు ఇచ్చట కలిసిరి. కుమారుని చదువు ప్రస్తావించితిని. "మావోడు పదోది దాక మరాఠీల చదివిండు సార్. ఇంజనీరింగుల అంతా ఇంగ్లీషేనాయె. ఫీజుకు కాదు, దానికి భయపడి బందువెట్టిండు" అనిరి.

రుసుము కాక ఇతర కారణములచే శ్రామికుల బిడ్డలు ఉన్నత విద్యకు దూరమగు ఈ చిక్కును సోవియట్ దేశము మన కంటె ముందే ఎదుర్కొన్నది. 1919 నుండి శ్రామికులను విశ్వవిద్యాలయ ప్రవేశమునకు సిద్ధపఱచు ప్రత్యేక విభాగములను నడపినది. 1940లో ఉన్నత విద్యకు రుసుము విధించి, 1956లో తీసివైచినది. అయినను 1958లో, మాస్కో ఉన్నత విద్యాలయములలో కార్మిక కర్షక సంతానము 30-40 శాతమే యని ఆ దేశ నాయకుడు క్రుశ్చేవు స్వయముగా ఒప్పుకొనవలసి వచ్చెను. రెండేండ్లు పనిచేసిన వారికి ప్రవేశమున ప్రాధాన్య మీయవలెనన్న ఆయన సంస్కరణయు నిలువలేదు. రుసుము తీసివేసినంత మాత్రమున, ఇంట పుస్తకములున్న వాని ముందంజ తగ్గదు గదా! మన కొఠారీ విద్యా సంఘము సైతము 1966లో, ధనికుల బిడ్డల కొక బడియు దరిద్రుల బిడ్డల కొక బడియు నున్నచో విద్యయే వర్గభేదమును పెంచునని హెచ్చరించి, అందఱకు ఒకే బడియు, జాతీయాదాయమున 6 శాతము విద్యకును కోరెను. ఆ రెంటిలో ఏదియు నేటికిని నెఱవేరలేదు.

కావున, కళాశాల యందు ప్రవేశించిన ప్రతి గ్రామీణ విద్యార్థికి మొదటి యేడు మాతృభాషలో బోధించుచు ఆంగ్లమును పాఠముగా నేర్పు ఏర్పాటు ప్రభుత్వమే చేయవలెనని నా నిశ్చయము. నీవు అధ్యాపకుడవు, ప్రభుత్వ మదెప్పుడు చేయునో యని వేచియుండక, ఈ యేడు నీ తరగతికి వచ్చు గని కార్మికుల పిల్లలకు సాయంకాలము ఒక గంట కేటాయించుము.

నీ అన్న