మడతచాకుకి ఏ ఇరుసు?

మడతచాకు చేస్తున్నా. బ్లేడు తిరిగే చోట ఏం వెయ్యాలన్నదే తర్జనభర్జన. బాల్ బేరింగ్ వేస్తే వేలు తగిలితే చాలు, తెరుచుకుంటుంది. కానీ ఇది బిలాస్‌పూర్! కోర్బా బొగ్గు వ్యాగన్లు రాత్రింబవళ్లు పోతుంటాయి. ఆ సన్న ధూళి గుళ్ల మధ్య చేరిందా, గరగరే. ఫాస్ఫర్ బ్రాంజ్ వాషర్లయితే వాడేకొద్దీ నున్నబడతాయి, దుమ్మునీ ఓర్చుకుంటాయి.

ఇక పిన్ను. 1890లో మొదలైన ఫ్రాన్స్ ఒపినెల్ చాకులకి ఇప్పటికీ రివెట్టే. వదులైతే సుత్తితో రెండు దెబ్బలు, అంతే. కానీ విప్పి కడగలేం. స్క్రూ పిన్ను విప్పొచ్చు, బిగువూ సరిచేసుకోవచ్చు. మరకి చుక్క థ్రెడ్‌లాకర్ మాత్రం పడాలి, లేకపోతే జేబులోనే సడలుతుంది.

నేను కోసేది పచ్చిమామిడికాయలు. పులుపు లోపలికి దిగుతుంది, విప్పి కడగాల్సిందే. కాబట్టి స్క్రూ, బ్రాంజ్ వాషర్లు. బేరింగులు షోకు రాయుళ్లు వేసుకోనీ.