సిరా తొణకకుండా

ఎండాకాలంలో చొక్కా జేబులో పెట్టుకున్న సిరాపెన్ను కక్కుతుందని మా తరంవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. నిండుగా సిరా పోసిన రోజున బుద్ధిగా ఉండేది, సగం ఖాళీ అయిన రోజున జేబు మీద నీలిమచ్చ వేసేది. ఒంటి వేడికి లోపలి గాలి వ్యాకోచించి సిరాను పాళీలోంచి బయటికి తోస్తుందని చాలాకాలం తరువాత తెలిసింది. ఖాళీ పెరిగినకొద్దీ గాలి పెరుగుతుంది, మరకా పెరుగుతుంది. ఇంక్‌జెట్ ప్రింటరు ఆ పెన్ను వంశంలోదే. వాడిన ప్రింటరును ఊరు దాటించేవారు ఈ వంశలక్షణాన్ని మనసులో ఉంచుకుంటే సగం గండం గడిచినట్టే.

ఇది రాయడానికి కారణం పెద్దపల్లిలో మా ఇంట్లో ఏళ్ళ తరబడి పనిచేసిన ట్యాంకు ప్రింటరు. ఉట్నూరు దగ్గరి ఒక గూడెంలో పిల్లలకు చదువు చెప్పే మిత్రుడికి దాన్ని పంపాను. ఆయన గోండు పిల్లలకోసం చిన్న చిన్న పాఠాలు తయారు చేస్తుంటాడు. ఒకవైపు తెలుగు మాట, మరోవైపు అదే మాటకు వాళ్ళ ఇంటి మాట. ఆ ప్రాంతంలో ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1943లో హైమెండార్ఫ్ మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకు ఏర్పాటు చేసినప్పుడే గోండీలో వాచకాలు తయారయ్యాయి. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడులో చోటు కూడా దొరికింది. అయినా ఇరవైమంది పిల్లలకు రేపటికల్లా కావలసిన పాఠాన్ని ఏ ముద్రణాలయమూ అచ్చువేయదు. అలాంటి పాఠానికి దిక్కు ఇంట్లో బల్లమీద ఉండే ఈ యంత్రమే. దారిలో చెడితే మరొకటి కొనే స్తోమతు ఆయనకు లేదు.

అతిజాగ్రత్తకు ఇంకో కారణమూ ఉంది. మా చిన్నబాపు సింగరేణిలో పనిచేసి విరమించిన మనిషి. బాయిల్లో కార్మికులు వాడే మాటలను నాలుగు నోటుపుస్తకాల్లో రాసిపెట్టుకున్నాడు. పనిముట్ల పేర్లు, దిగేటప్పుడు చెప్పుకునే హెచ్చరికలు, పైకప్పు కూలబోయేముందు వినిపించే చప్పుళ్ళకు వాళ్ళు పెట్టుకున్న పేర్లు, అన్నీ అందులో ఉండేవి. గోదావరిఖని నుంచి ఇల్లు మారినప్పుడు సామాన్లు సర్దడానికి వచ్చిన రవాణా మనుషులు, జాగా కలిసివస్తుందని, ప్రింటరును నిలువుగా లేపి ఆ పుస్తకాల పెట్టెలోనే ఇరికించారు. చేరేసరికి మూడు రంగులూ కలిసి బురదరంగై రెండు పుస్తకాలు అతుక్కుపోయాయి. ఆయన వాటిని నీడన ఆరబెట్టి, పుట పుట విడదీసి, చదవగలిగినన్ని మాటలు మళ్ళీ రాసుకున్నాడు. మిగిలినవాటికోసం తనతో పనిచేసినవారి ఇళ్ళకు వెళ్ళాడు. అప్పటికే వారిలో కొందరు లేరు.

ఆ తరువాతే ఈ యంత్రం లోపల ఏముందో తెలుసుకోవాలనిపించింది. 1977లో కానన్ ప్రయోగశాలలో కాగిన సోల్డరింగ్ కడ్డీ సిరా ఉన్న సిరంజి సూదికి తగిలితే చుక్క చిమ్మిందని, బబుల్‌జెట్ పద్ధతి అక్కడే పుట్టిందని చెబుతారు. 1984లో హెచ్‌పీ థింక్‌జెట్ వచ్చింది. ఎప్సన్ వేడికి బదులు, విద్యుత్తు తగిలితే ఆకారం మారే స్ఫటికాలను వాడింది. పద్ధతి ఏదైనా, సిరా చిమ్మే తలకు వందలకొద్దీ సూక్ష్మరంధ్రాలుంటాయి. ఒక్కో చుక్క కొన్ని పికోలీటర్లు; పికోలీటరు అంటే లీటరులో లక్ష కోట్ల వంతు. ఆ రంధ్రాలకు విడివిడిగా మూతలు లేవు. సన్నని గొట్టాన్ని నీళ్ళలో ముంచి పైకొనను వేలితో మూసి ఎత్తితే నీళ్ళు జారవు కదా, ఇంచుమించు అలాగే లోపలి స్వల్పమైన పీడనలోటు, సిరా తలతన్యత కలిసి సిరాను నిలిపి ఉంచుతాయి. కుదుపు, వంపు, వేడి, ఈ మూడూ ఆ పొందికను చెడగొట్టేవే.

కాబట్టి మొదటి జాగ్రత్త సర్దడానికి ముందే మొదలవుతుంది. ప్రింటరును దాని మీటతోనే ఆపాలి. అప్పుడు సిరాతల తన స్థానానికి జరిగి, అక్కడి రబ్బరు మూత మీద కూర్చుంటుంది. చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఆగి, ఆ తరువాతే తీగ పీకాలి. గోడమీది స్విచ్చి నొక్కి ఆపే అలవాటు మన ఇళ్ళలో ఎక్కువ. అలా ఆపితే తల దారి మధ్యలో, మూత లేకుండా నిలిచిపోతుంది. కార్ట్రిడ్జ్‌లు తీసేస్తే కారవని చాలామంది అనుకుంటారు. తీస్తే రంధ్రాలు గాలికి ఎండుతాయి, లేదా తీసిన చోటే కారుతుంది. లోపలే ఉంచి పంపమని కానన్ చేపుస్తకాలు చెబుతాయి.

ట్యాంకు ప్రింటరుకు ఇంకొంచెం మర్యాద అవసరం. ట్యాంకు ఊపిరి పీల్చుకోవడానికి ఒక గాలిదారి ఉంటుంది. యంత్రాన్ని పక్కకు వాల్చితే సిరా ఆ దారి పడుతుంది. కొన్ని పాత ఎప్సన్ మోడళ్ళలో ప్రయాణంకోసమే ఒక చిన్న మీట ఉంది, అది తిప్పితే ట్యాంకుకూ తలకూ మధ్య దారి మూసుకుంటుంది. నా ప్రింటరుకు ఆ మీట ఉంది కనుక తిప్పాను. ట్యాంకు మూతలు బిగించాను. తల కదలకుండా, జిగురు మిగల్చని కాగితపు టేపు అంటించాను. చాలామందికి తట్టనిది ఇంకొకటుంది. తల శుభ్రం చేసినప్పుడల్లా వృథా అయిన సిరా అడుగున ఒక మెత్తలోకి ఇంకుతుంది. ఏళ్ళు వాడిన యంత్రంలో ఆ మెత్త బాగా తడిసి ఉంటుంది. ట్యాంకు ఎంత బిగించినా, యంత్రాన్ని బోర్లిస్తే ఆ మెత్త కారుతుంది. చిన్నబాపు పుస్తకాల మీద పడిన బురదరంగు బహుశా అక్కడిదే.

తరువాత ఆవకాయ జాడీకి వాసెన కట్టే చాదస్తంతో కట్టాను. అడుగున నాలుగు మడతల పాత దినపత్రికలు, యంత్రానికి రెండు పొరల పాలిథిన్ సంచి, నాలుగువైపులా రెండేసి అంగుళాల థర్మోకోల్, బయట గట్టి అట్టపెట్టె. మిగిలిన సిరా సీసాలను మూతలు బిగించి, నిలువుగా, వేరే డబ్బాలో పెట్టాను. ఆ పెట్టెలో కాగితం అనేది మరొకటి పెట్టలేదు. ఏ వైపు పైకి ఉండాలో బాణం గీసి, తెలుగులోనూ హిందీలోనూ ఇంగ్లీషులోనూ రాశాను. పెద్దపల్లి నుంచి మంచిర్యాల దాకా ఒక బండి, అక్కడ దించి లక్షెట్టిపేట, జన్నారం మీదుగా మరొకటి. చేతులు మారే ప్రతిచోటా పెట్టె తలకిందులయ్యే అవకాశం ఉంటుంది. చదవగలిగిన చెయ్యి ఒక్కటైనా తగులుతుందని ఆశ.

కాలం సంగతి మరవకూడదు. మన రామగుండం వైపు వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఇక మూసిన బండి లోపలి వేడి 60 డిగ్రీలకు చేరిందనుకుందాం. 30 డిగ్రీల దగ్గర ఉన్న గాలి అక్కడికి వచ్చేసరికి సుమారు 10 శాతం ఉబ్బుతుంది. పెన్ను కక్కినట్టే ప్రింటరూ కక్కుతుంది. అందుకే మిత్రుడు తొందరపడుతున్నా మే నెల దాటనిచ్చి, వానలూ వెళ్ళనిచ్చి, డిసెంబరులో పంపాను.

పెట్టె మూత మీద, బయటివైపు, ఒక కవరు అంటించాను. అందులో ఆయనకు రాసిన ఉత్తరం ఇది: “సార్, పెట్టె విప్పాక ప్రింటరును చదునైన బల్లమీద పెట్టి పూటసేపు కదపకండి. టేపు పీకి, మీట వెనక్కి తిప్పాకే కరెంటు ఇవ్వండి. ముందు నాజిల్ పరీక్ష పుట తీయండి. గీతలు తెగి కనిపిస్తే ఒకసారి, మహా అయితే రెండుసార్లు శుభ్రం చేయించండి. అంతకు మించితే మెత్త నిండుతుంది, సిరా దండుగ. అప్పటికీ రాకపోతే ఒక రాత్రి వదిలేసి మర్నాడు చూడండి.”

పసుపు గీతలు రెండు తెగి వచ్చాయట. మర్నాటికి అతుక్కున్నాయి. దినపత్రికల మీద మాత్రం రూపాయి బిళ్ళంత నల్లమచ్చ కనబడిందని చెప్పాడు. అంటే ఎక్కడో ఒకచోట ఎవరో పెట్టెను వంచారు, ఆ కొంచెం సిరానూ కాగితాలు తాగేశాయి.

పెట్టెను, థర్మోకోల్ ముక్కలను పారేయవద్దని, అటకమీద దాచమని చెప్పాను. ఆయనకు బదిలీ అయిన రోజున ఆ యంత్రం మళ్ళీ ప్రయాణం చేయాలి కదా.