పరాసుల వెండి

ఎదుర్లంక రేవున నిలిచి గౌతమి ఆవలిదరి యానామును చూచునపుడెల్ల, 1954 వరకు అచట సాగిన పరాసుల పాలనకంటె వారి వెండి నాణెములే నా మనస్సున మెదలును. పుదుచ్చేరి టంకశాలలో ముద్రితమైన పణము, ఒకవైపు కిరీటమును, మరొకవైపు లిల్లీ పుష్పములను దాల్చిన చిన్నబిళ్ళ. కాని వర్తకమునకు కావలసిన రూపాయిని కొట్టుటకు వారు 1736లో ఆర్కాటు నవాబు దోస్తు అలీ ఖాను అనుమతి పొంది, దానిపై మొగలు పాదుషా పేరునే పారసీక లిపిలో నిలిపి, అర్ధచంద్రుని గుర్తు మాత్రము చేర్చుకొనిరి. 1520 ప్రాంతమున బొహీమియాలోని ష్లిక్ ప్రభువులు, చిన్న సంస్థానాధీశులయ్యును, తమ గనుల వెండిపై తమ పేరును కూడ వేయించుకొనిరి; ఫ్రాన్సు వంటి మహారాజ్యము ఇచట పరుని పేరు ధరించుట, నా దృష్టిలో, ఈ దేశపు విపణికి ఒసగిన గౌరవమే. కోనసీమ ఇండ్లలో పెద్దల పెట్టెలనుండి అట్టి బిళ్ళ వెలువడినచో, కంసాలి మూసకు అప్పగింపకమునుపే దానిపై అక్షరములను తెలిసినవారిచే చదివింపుడు.