బెల్మోంతె గ్రామమున శుక్రవారపు దీపము

శుక్రవారమునాడు ప్రొద్దుననే ఇల్లు కడిగి, గడపకు పసుపు రాసి, తలంటి పోసికొని, ఉదికిన చీర కట్టి, చీకటిపడకమునుపే దీపము పెట్టు గృహిణిని చూచి మన యూళ్లలో లక్ష్మీకళ గల యిల్లాలని మెచ్చుకొందురు. ఒక దేశములో దాదాపు మున్నూఱేండ్లపాటు ఇంచుమించు ఈ పనులే గృహిణిని చెఱసాలకును, ఒక్కొక్కపుడు చితికిని ఈడ్చుకొనిపోవుచుండెనని చెప్పిన, సోదరీమణులారా, మీరు నమ్ముదురా? ఆ దేశమును చూచి వచ్చువఱకు నేనును నమ్మియుండను.

ఆ దేశము పోర్చుగల్లు. మన పెద్దలు బుడతకీచులని పిలిచినవారి దేశమే. వాస్కో డ గామా ఓడలెక్కి కళ్లికోటకు వచ్చిన కథ మనము చిన్ననాట చదివినదే. కాని ఆతడు ఓడ యెక్కిన 1497వ సంవత్సరముననే అచ్చట రాజభటులు తల్లుల యొడినుండి బిడ్డలను లాగికొనిపోయిరన్న మాట నేను చదివిన యే పాఠపుస్తకమును నాకు చెప్పలేదు.

నా చెల్లెలు లిస్బను నగరమున కాపురముండుటచే నాకీ ప్రయాణము సమకూడినది. మా మఱిది కారు నడుపగా దేశము తూర్పుప్రక్కనున్న కొండపల్లెలను చూచుటకు పోతిమి. పోవుటకు ముందొకనాడు చెల్లెలు నన్ను నగరమధ్యమున నున్న రోసియు అను చౌకునకు తీసికొనిపోయి, అచ్చటి నాటకశాలను చూపి, ‘అక్కా, మతవిచారణ సభవారి భవనము ఒకప్పుడిచ్చటనే యుండెడిది’ అని చెప్పెను. పావురములు ఎగురుచున్నవి, జనులు కాఫీ త్రాగుచున్నారు. మా కథ అచ్చట మొదలయినది.

1492లో స్పెయిను రాజదంపతులు తమ దేశమునుండి యూదుల నెల్ల వెడలగొట్టిరి. వారిలో పెక్కుమంది తలకింత యని సుంకము చెల్లించి పోర్చుగల్లులో తలదాచుకొనిరి. నాలుగేండ్లయినను గడువలేదు. పోర్చుగల్లు రాజు మనువేలు స్పెయిను రాజకుమార్తెను పెండ్లియాడగోరెను. యూదులు తన రాజ్యమున నుండరాదన్నది ఆ సంబంధమునకు పెట్టిన నియమము. పెండ్లి బేరములలో కట్నము మాట వినియున్నాము గాని, ఒక జాతినంతను వెడలగొట్టుట కట్నముగ అడిగిన వియ్యము ఇదియొక్కటే నాకు తెలిసినది! 1496 డిసెంబరులో ఆజ్ఞ వెలువడెను. అయినను వైద్యులను, వర్తకులను, పనివాండ్రను పోగొట్టుకొనుటకు రాజున కిష్టము లేదు. కావున మఱుసటి వసంతమున, వారి పస్కా పండుగ దినములలో, పదునాలుగేండ్లలోపు బిడ్డలను పట్టుకొని జ్ఞానస్నానము చేయింపుడని ఆజ్ఞాపించెను. బిడ్డలు పోయిన తల్లి ఎచ్చటికి పోగలదు? ఓడ లెక్కుటకని లిస్బను చేరిన పెద్దలకు ఓడలు చూపలేదు, బలవంతముగ జ్ఞానస్నానము చేయించిరి. ఆనాటినుండి వారికి ‘క్రొత్త క్రైస్తవులు’ అని పేరు. గామా నావికులకు దారిచూపిన గ్రహగణితపు పట్టికలను కూర్చిన జకూతో అను పండితుడును యూదుడే. ఆతడును దేశము విడిచి పాఱిపోవలసివచ్చినది.

రోసియు చౌకు ప్రక్కనే సాన్ దొమింగో దేవాలయమున్నది. 1506 ఏప్రిలులో, కఱవును మహమ్మారియు నగరమును పీడించుచుండగా, ఆ గుడిలోని సిలువపై ఏదో వెలుగు కనబడెను. జనులు మహిమ యనిరి. ఒక క్రొత్త క్రైస్తవుడు అది క్రొవ్వొత్తి వెలుగు ప్రతిఫలించుట యనెను. ఆతని నచ్చటనే చంపిరి. పిమ్మట మూడుదినములు నగరమున సాగిన హత్యలలో రెండువేలకు పైగా మడిసిరని నాటి వృత్తాంతములు చెప్పుచున్నవి. 2008లో ఆ గుడియెదుట యూదుల నక్షత్రము చెక్కిన స్మారకశిల నొకదానిని నిలిపిరి. గుడిలోపలి స్తంభములు 1959 నాటి అగ్నిప్రమాదమున మాడి, పగిలి, అట్లే యున్నవి. ఆ మాడిన రాళ్లకును 1506కును సంబంధము లేదని తెలిసియు నా మనస్సు రెంటిని విడదీయజాలకపోయెను.

మతవిచారణ సభ 1536లో ఏర్పడి 1821వఱకు నిలిచినది. ఇరుగుపొరుగువారు ఏయే గుఱుతులచేత దాగియున్న యూదులను కనిపెట్టవలయునో తెలుపుచు ఆ సభవారు ప్రకటనలు చదివించెడివారు. శుక్రవారము ఇల్లు శుభ్రపఱచుట, సాయంకాలము దీపము వెలిగించుట, శనివారము ఉదికిన బట్టలు కట్టుట, పందిమాంసము ముట్టకుండుట – ఇవి ఆ గుఱుతులు. చూచితిరా, అన్నియు ఇంటిపనులే! పనికత్తె చూడవచ్చును, పొరుగింటి యామె చూడవచ్చును. ఈ కష్టమునుండియే ఒక వంటకము పుట్టినదని ఆ దేశీయులు చెప్పుకొందురు. పందిమాంసపు గొట్టములను పొగకు వ్రేలాడగట్టుట అచ్చటి పల్లెల వాడుక. అవి లేని యింటిని అనుమానింతురని, కోడిమాంసమును రొట్టెయు దంచి, అదే ఆకారమున చేసి వ్రేలాడదీసిరట. దానిని ‘అల్యైరా’ యందురు. ఇప్పుడు అంగళ్లలో అమ్ముచున్నారు. నేను శాకాహారిని గనుక రుచి చెప్పజాలను.

కాస్తెలో ద విద్ అను ఊరికి పోవుదారి పొడవున బెండుచెట్లు గలవు. సీసాలకు బిరడాలు చేయుటకై వాని బెరడు నొలుతురు. ఒలిచిన మాను ఎఱ్ఱగ, చర్మము లేని దేహమువలె నుండును. ఊరు తెల్లని గోడలతో కొండపై నున్నది. కోటక్రింద మెట్లుమెట్లుగ దిగు సందులలో యూదులవాడ. ఆ గుమ్మముల సూదికొన కమానులును, ప్రతి యింటి ముంగిట నున్న పూలకుండీలును చూడముచ్చటగ నున్నవి. 1989లో ఆ దేశాధ్యక్షుడు మారియు సోరెషు ఈ యూరికే వచ్చి, జరిగిన ఘోరములకు యూదులను క్షమాపణ వేడెను.

ఈ యూరిలో పుట్టిన గార్సియా ద ఓర్తా అను వైద్యుని కథ మనకు సంబంధించినది. క్రొత్త క్రైస్తవుల బిడ్డడగు ఆతడు 1534లో గోవాకు వచ్చి, మన యింగువ, ఏలకులు, తమలపాకు, చింతపండు మొదలగువాని గుణములను విచారించి, సంభాషణల రూపమున నొక గొప్ప గ్రంథము వ్రాసి 1563లో గోవాలోనే అచ్చొత్తించెను. 1560లో మతవిచారణ సభ గోవాకును వచ్చియుండెను. ఓర్తా 1568లో మరణించెను. మఱుసటి యేడు ఆతని చెల్లెలు కతరీనను, రహస్యముగ యూదమత మవలంబించినదని, గోవాలో సజీవముగ దహించిరి. 1580లో ఓర్తా యెముకలను సమాధినుండి త్రవ్వితీసి కాల్చిరి. మన పోపులపెట్టెలోని వస్తువులను లోకమునకు తెలియజెప్పినవాని గతి ఇట్లయినది.

అచ్చటినుండి ఉత్తరముగ పోయి శుక్రవారము మధ్యాహ్నమునకు బెల్మోంతె చేరితిమి. ఎస్ట్రెలా కొండల యంచున నల్లరాతి కోట, నల్లరాతి యిండ్లు. కొన్ని ద్వారబంధములపై సిలువలు చెక్కబడియున్నవి. తాము క్రైస్తవులమని చాటుకొనుటకు క్రొత్త క్రైస్తవులు చెక్కించుకొనిరని కొంద ఱందురు. చలిగాలి వేసవియందును వీచుచుండెను.

1917లో సామ్యుయెల్ ష్వార్ట్జ్ అను గనుల ఇంజనీరు ఈ యూరికి వచ్చెను. ఆతడు పోలండు దేశపు యూదుడు. ఇచ్చటి వర్తకు డొకడు తన పోటీదారుని జూపి, వానివద్ద కొనకుము, వాడు యూదుడు అని చెప్పెను. యూదులు లేరని నాలుగు వందలయేండ్లుగ చెప్పబడుచున్న దేశమున ఈ మాట! ష్వార్ట్జ్ ఆ కుటుంబములను వెదకిపోయెను. తానును యూదుడనే యని చెప్పినను వారు నమ్మలేదు, తమ ప్రార్థనలలో నొకటియు ఆతనికి రాదు గనుక. వారి ప్రార్థనలు పోర్చుగీసు భాషలో నున్నవి. హీబ్రూ అను భాష యొకటి గలదనియే వారెఱుగరు. చివర కొక వృద్ధురాలు, అట్లయిన నీ భాషలో నీ ప్రార్థన చెప్పుమనెను. ఆతడు యూదుల మూలప్రార్థన చెప్పుచు ‘అదొనాయ్’ అను దైవనామము నుచ్చరింపగనే అచ్చటి స్త్రీలందఱు చేతులతో కన్నులు మూసికొనిరి. ఆ యొక్కనామమే వారివద్ద మిగిలిన హీబ్రూ. ఈతడు నిజముగ యూదుడే, అదొనాయ్ నామ మెఱుగునని వృద్ధురాలు తీర్పు చెప్పెను. ఆతడు ఆ ప్రార్థనలను వ్రాసికొని 1925లో గ్రంథముగ ప్రకటించెను.

తీర్పు చెప్పినది ఒక యవ్వ యని గమనింపుడు. గుడి లేదు, గురువు లేడు, గ్రంథము ఇంట నుండిన ప్రాణాపాయము. కావున మతము వంటయింటిలోనికి వచ్చి చేరినది. ప్రార్థనలు తల్లినుండి కూతురికి నోటిమాటగనే వచ్చినవి, మన నోముకథలును మంగళహారతులును వచ్చినట్లే. శుక్రవారపు దీపమునకు క్రొత్త నారబట్ట దారముతో వత్తి చేసి, ఒలీవనూనె పోసి, వెలుగు వీధికి కనబడకుండ కుండలోనో, గోడయరలోనో దాచెడివారు. పస్కా పండుగను నియతదినమున చేసిన పట్టుబడుదురని కొన్నిదినములు ఆగి, స్త్రీలు తెల్లని వస్త్రములు కట్టి, పొంగని రొట్టెలు రహస్యముగ కాల్చెడివారు. పారసీక చక్రవర్తి యింట తన జాతి పేరు దాచి, సమయమెఱిగి బయలుపఱచిన ఎస్తేరు రాణి వారి యిష్టదేవతవంటిది. ఆమె పేర ఉపవాసము లుండెడివారు. పాండవులు ఒక్కయేడు అజ్ఞాతవాసము చేసినందుకు మనము విరాటపర్వ మంతయు చదువుకొందుము. ఈ యమ్మలు తమ యాయుధమును జమ్మిచెట్టుమీద కాక కుండలో దాచి నాలుగు వందలయేండ్లు గడపిరి.

1974లో నియంతృత్వము కూలినపిమ్మట వీరి భయము క్రమముగ సడలెను. 1990 ప్రాంతమున ఇజ్రాయేలునుండి రబ్బీ వచ్చెను. పురుషులకు సున్నతి జరిగెను. పెక్కుమంది శాస్త్రోక్తముగ యూదమతమున మరల చేరిరి. కాపురము చేసి బిడ్డలను కన్న దంపతులకు మరల వివాహములు జరిపిరి. దేశాంతరాజ్ఞ వెలువడి అయిదు వందలయేండ్లయిన 1996 డిసెంబరులో బేత్ ఎలియాహు అను ప్రార్థనాలయము తెఱవబడినది. 2005లో యూదుల వస్తుప్రదర్శనశాల వెలసినది. అందు నూనెదీపములను అద్దపు బీరువాలలో నుంచినారు. ఓపోర్టో నగరమునను ఇట్టి పునరుద్ధరణ జరిగినదట. 1938లో అచ్చట కట్టిన గొప్ప ప్రార్థనాలయమును చూచుటకు నాకు తీరిక చిక్కలేదు.

సాయంకాలము ప్రార్థనాలయము ఎదుటి గోడమీద కూర్చుండి లోయను చూచుచుంటిమి. చిన్న టోపీలు పెట్టుకొని పురుషులు లోనికి పోయిరి. కొందఱు స్త్రీలును పోయిరి. లోపల ప్రార్థన హీబ్రూలో జరుగును, జరుపువారు పురుషులు. స్త్రీలకు వేఱుగ స్థానము. వెలుతురున తలయెత్తి గుడికి పోగలుగుట ఎంత భాగ్యమో నే నెఱుగుదును; దానిని తక్కువ చేయను. అయినను నాకొక్క బాధ తోచినది. ఏ ప్రార్థనలకై తల్లులు ప్రాణములొడ్డిరో, అవి ఇప్పుడు సరియైనవి కావనబడెను. ఎవరి నోటిమాట శాస్త్రమై యుండెనో, వారు వెనుకవరుసలో కూర్చుండి, రాని భాషలోని పుస్తకము చేత పట్టుకొనవలసివచ్చెను. ఇంటనే తండ్రివద్ద కావ్యములు చదువుకొని, పండితులు కూడినచోట నోరు మూసికొని కూర్చుండుట యెఱిగిన నాకు ఆ వెనుకవరుస తెలియని చోటు కాదు. మేలు జరిగినదా, కీడు జరిగినదా యని మా మఱిది నన్నడిగెను. మేలే జరిగినది, కాని ఆ మేలు తెచ్చినవారు అవ్వలను కూర్చుండబెట్టి అడిగి తేవలసినదని చెప్పితిని. కొందఱు వృద్ధస్త్రీలు మాత్రము ప్రార్థనాలయమునకును పోయి, ఇంటికి వచ్చి తలుపు వేసికొని పాత ప్రార్థనలును చెప్పుకొనుచు వచ్చిరట. తలుపు వేయవలసిన పని లేకున్నను!

చీకటిపడుచుండగా సందులవెంబడి దిగివచ్చితిమి. ఒక పాత యింటి కిటికీ చెక్కలు మూసియున్నవి; క్రింది సందునుండి సన్నని పసుపుపచ్చని వెలుగు వచ్చుచుండెను. నేను నిలిచిపోతిని. చెల్లెలు నా చేయి పట్టి లాగుచు, ‘అది టెలివిజను కావచ్చునే, అక్కా’ అనెను. కావచ్చును. లోపలినుండి శబ్దమేదియు వినబడలేదు. మేము కారువద్దకు దిగిపోతిమి.